మధ్యగదిలో సిగ్నల్

"ఒక్కటి పెడితే సరిపోదు సార్. ఈ గోడలు చూడండి, మూరెడు మందం! గదికో యాక్సెస్ పాయింట్, అదే సిగ్నల్ డబ్బా, పెట్టాల్సిందే," అన్నాడు వైఫై బిగించడానికొచ్చిన టెక్నీషియన్.

పెద్దాయన తలూపాడు. పాత ఇంటికి కొత్త హంగులు చేయిస్తున్నాడాయన. ఫోన్ నొక్కితే లైట్లు వెలగాలి, ఫ్యాన్లు తిరగాలి, గేటు దగ్గరి కెమెరా కనపడాలి.

"మధ్యగదికి అక్కర్లేదేమో," అంది ఆయన భార్య. "పోయినసారి అమ్మాయి వచ్చినప్పుడు నా ఫోన్‌లో ఏదో నొక్కి వెళ్లింది. అప్పట్నుంచీ ఆ గదిలో నెట్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. రోజూ దాంతో వీడియోలో మాట్లాడుతున్నానుగా."

"నీకన్నీ తెలుసు మరి! ఆయన పని ఆయన్ని చేసుకోనీ."

టెక్నీషియన్ తన ఫోన్ పట్టుకుని మధ్యగదిలోకి నడిచి, ఆగిపోయాడు.

"సార్, ఇక్కడ వేరే సిగ్నల్ దంచేస్తోంది. ఆ గోడ అవతల్నుంచే. పాస్‌వర్డ్ కూడా పెట్టలేదు."

ఇంట్లో పల్చటి గోడ అదొక్కటే. వాటాలు పంచుకున్నప్పుడు అన్నదమ్ములు అడ్డంగా లేపింది. అవతల ఉండేది తమ్ముడు. మాటల్లేక ఏళ్లయింది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పటి కోసం కొట్టుకుంటూ పడుకున్నది సరిగ్గా ఆ గోడ లేచినచోటే. అది గుర్తొచ్చినప్పుడల్లా పెద్దాయన గుండె కలుక్కుమంటుంది. పైకి మాత్రం కోపమే తన్నుకొస్తుంది.

"చూశావా! మనం పెట్టించుకుంటున్నామని తెలిసి, మన సిగ్నల్ చెడగొట్టడానికే తన డబ్బా తెచ్చి గోడకి తగిలించాడు!"

"ఊరుకోండి. మరిది అలాంటివాడు కాదు. ఈ వంకతోనైనా వెళ్లి పలకరించొచ్చుగా."

"నేనా? చచ్చినా వెళ్లను."

"సార్, దాని పేరు చూస్తే..." టెక్నీషియన్ నసిగాడు.

"దాని పేరు నాకెందుకయ్యా? వెళ్లి తీసేయమని చెప్పు!"

టెక్నీషియన్ వెళ్లాడు. పెద్దాయన గోడకి చెవి ఆనించినంత పని చేశాడు. తమ్ముడు కేకలేస్తాడు, తాను ఇటునుంచి నాలుగు దులిపేస్తాడు. పోట్లాటైతేనేం, మాటంటూ కలుస్తుందని లోలోపల ఆశ. అవతల చడీచప్పుడూ లేదు.

"ఒక్క మాట ఎదురు చెప్పలేదు సార్," అన్నాడు టెక్నీషియన్ తిరిగొచ్చి, వాకిట్లోకి ఎదురొచ్చిన పెద్దాయనతో. "'ఆయనకి ఇబ్బందైతే ఎందుకులే' అని అప్పటికప్పుడు ఊడదీసేశారు."

పెద్దాయన మొహం వాడిపోయింది. అంత తేలిగ్గా ఒప్పేసుకుంటాడనుకోలేదు.

ఇంతలో మధ్యగదిలోంచి భార్య ఫోన్ పట్టుకుని కంగారుగా వచ్చింది. "ఏమండీ, అమ్మాయి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. ఇన్నాళ్లలో ఎప్పుడూ ఇలా కాలేదు!"

టెక్నీషియన్ ఆ ఫోన్ తీసుకుని ఏదో నొక్కి, పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆవిడ ఫోన్ ఇన్నాళ్లూ అందుకున్న సిగ్నల్ పేరు తెర మీద ఉంది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు.

'అన్నయ్యవాళ్ల కోసం.'