నాలుగు వేలలో ఒకటి

పోయింది ఒకే ఒక్క ప్యాకెట్. దానికోసం ఫ్యాక్టరీ అంతా తలకిందులవుతోంది.

కోసిన పండ్ల ముక్కలు అమ్మే ఫ్యాక్టరీ అది. సీలు వేసిన ప్రతి ప్యాకెట్టూ ప్లాస్మా యంత్రంలోంచి వెళ్ళాలి. లోపల గాలికి కరెంటు తగిలి ఊదారంగు వెలుగు పుడుతుంది. ప్యాకెట్ వేడెక్కదు, పైనున్న క్రిములు మాత్రం చస్తాయి. చచ్చాయో లేదో తేలాలిగా. అందుకే ల్యాబ్ వాళ్ళు రోజూ ఒక ప్యాకెట్‌కి కావాలనే క్రిములు పూసి, గుర్తు పెట్టి, మిగతావాటిలో కలిపి పంపుతారు. అవతలివైపు దాన్ని తీసి పరీక్షిస్తారు.

యంత్రం నడిపే ఆపరేటర్‌ని అందరూ తళతళ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. కళ్ళు మీటర్ల మీద ఉన్నా, చేతిలో స్పిరిట్‌తో తడిపిన తెల్లగుడ్డ ఆడుతూనే ఉంటుంది. ఆయన చేయి పడకుండా ఒక్క ప్యాకెట్టూ బెల్టెక్కదు. ఎవరూ చేయమనలేదు. అదో పిచ్చి.

ఇవాళ ల్యాబ్ ప్యాకెట్ పంపింది ఆయన మేనకోడలే. మావయ్య పూచీ మీద వచ్చిన ఉద్యోగం. చేరి వారమైంది.

"స్టిక్కర్లు అయిపోయాయి సార్. మార్కర్‌తో ఎర్ర చుక్క పెట్టాను," అంది మేనేజరుతో.

"మరి ఆ చుక్క ఏదమ్మా?"

నాలుగు వేల ప్యాకెట్లు. తళతళ ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. నడుం పట్టేసింది. ఒక్కదానిమీదా చుక్క లేదు.

"అన్నీ పరీక్షించి పట్టుకుంటాను సార్," అంది పిల్ల.

"యంత్రం సరిగ్గా పనిచేసుంటే అదీ మిగతావాటిలాగే శుభ్రంగా ఉంటుంది. ఇక దేన్ని పట్టుకుంటావు?"

మేనేజరు తళతళ వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి. చుక్క ఉన్న ప్యాకెట్ మీ కంటపడిందా?"

అవునంటే పిల్ల గట్టెక్కుతుంది. కానీ ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన అబద్ధమాడింది లేదు.

"పడలేదు సార్."

క్రిములు పూసింది ఏదో తేలక, నాలుగు వేల ప్యాకెట్లూ చెత్తలారీ ఎక్కాయి. సాయంత్రానికి పిల్ల ఉద్యోగమూ పోయింది.

"నువ్వైనా నమ్ము మావయ్యా. నిజంగా పెట్టాను," అంది గేటు దగ్గర.

"మర్చిపోయుంటావులే తల్లీ. కొత్త కదా."

ఆ పిల్ల ఆయన్ని ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది. ఆ చూపు ఆయనతోపాటే ఇంటికొచ్చింది.

అక్కయ్య ఫోను మోగుతోంది. తీయడానికి చేయి రాలేదు. ఎత్తుకుని పెంచిన పిల్ల. ఏం చేయగలిగాడు గనక? వాకిట్లో కూలబడ్డాడు.

రోజూలాగే ఆయన సంచీలోంచి గుడ్డ తీసి కుళాయి దగ్గర ఉతుకుతున్న భార్య, దాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని అడిగింది: "ఏమండీ, ఇవాళ దీనికి ఈ ఎర్రరంగు ఎక్కణ్ణించి అంటిందీ?"