నిన్న వాన సున్నా

బయమ్మ మోకాళ్ల దాకా బురదతో మా వాన లెక్కల గదికి వచ్చింది.

"ఏమప్పా, రాత్రి నా చేన్లో అంత వాన కురిస్తే బోర్డు మీద సున్నా రాసినావే? వాన పడిందని నువ్వు రాస్తేనే గదా నాకు విత్తనం ఇచ్చేది."

కంప్యూటర్ చెప్పిందే నేను రాస్తాను. పొద్దున్నే షెల్, అంటే కమాండ్లు కొట్టే నల్ల తెర, తెరిస్తే మొదటి వరసలో "నిన్న వాన: సున్నా" అని వస్తుంది.

కంప్యూటర్ బాగుచేసే ప్రవీణ్‌ను పిలిపించాను. తెరుచుకోగానే షెల్ చదివే ఫైలు ఒకటి ఉంటుందట. దాన్ని చదవకుండా తెరిచే ఆప్షన్ పెట్టి చూశాడు. సున్నా రాలేదు.

"మామా, ఇది కొలిచిన లెక్క కాదు. నీకు ముందు పనిచేసినాయన ఆ ఫైల్లో సున్నా రాసిపెట్టి పోయినాడు. దినామూ అదే చెప్తాండాది."

"ఇన్నేండ్లూ ఎవరూ కనుక్కోలేదా?"

"ఎట్ల కనుక్కుంటారు? ఇన్నేండ్లూ అది నిజమే గదా."

ఆ వరస తీసేసి, కొలిచిన లెక్క కనపడేటట్టు మార్చాడు. బయమ్మ విత్తనం తెచ్చి శనక్కాయ వేసింది.

ఆ తర్వాత చినుకు లేదు. మొలకలు వాడుతుంటే ఆమె మళ్లీ వచ్చింది.

"ఆ సున్నా ఉన్నప్పుడే వాన పడింది. దాన్ని మళ్లీ పెట్టించప్పా."

ప్రవీణ్‌కు ఫోన్లో చెప్పాను. చదువుకున్నవాడు, నవ్వుతాడనుకున్నాను. బండి వేసుకుని వచ్చి ఆ వరస మళ్లీ రాశాడు.

పోతా పోతా అన్నాడు: "మా నాయన కూడా విత్తినాడు మామా."