నలభై ఆరు

"ఈ సంగతి మీ అక్కగారికి ఈరోజే చెప్పాలి," అన్నాడు డాక్టరు.

చెల్లెలు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. బల్ల మీది కాగితంలో ఒక అంకె చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి ఉంది. నలభై ఆరు.

"మీ వయసుకి పది దాటకూడదు. నరం లోపల దారాల్లాంటి ప్రొటీన్ ఒకటుంటుంది. నరం దెబ్బతింటే అది బయటికొచ్చి రక్తంలో కలుస్తుంది."

"షుగరున్నా పెరుగుతుందట కదండీ? ఎక్కడో చదివాను."

"పెరుగుతుంది. కిడ్నీలు పాడైనా, తలకి దెబ్బ తగిలినా, కొన్ని క్యాన్సర్ మందులు వాడినా పెరుగుతుంది. అందుకే మిగతా పరీక్షలన్నీ చేయించాను. అవేవీ మీకు లేవు." ఆయన రెండో కాగితం ముందుకు జరిపాడు. "మీ అమ్మగారి జబ్బు తాలూకు జీన్ మాత్రం ఉంది."

ఆమె పని కట్టుడు పళ్ళు చెయ్యడం. మైనం చెక్కే చాకు ఒక్క నెలలో మూడుసార్లు చేతిలోంచి జారింది. మూడోసారి ఎవరో పెద్దాయన పైవరస మొత్తం పాడైంది. ఆ సాయంత్రమే వెళ్ళి పరీక్షకి రక్తమిచ్చింది. అమ్మకీ ఇలాగే మొదలైంది. ముందు చెంచా జారింది, తర్వాత దువ్వెన. ఆఖరికి గుక్కెడు నీళ్ళు మింగడం కూడా చేతకాలేదు.

"అమ్మగారి రోజుల్లో లేదు గానీ, ఇప్పుడు మందు ఉంది," అన్నాడు డాక్టరు. "వెన్నులోకి ఇస్తాం. పోయిన బలాన్ని తేలేదు, ఉన్నదాన్ని నిలబెట్టడానికి చూస్తుంది. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. అక్కగారిని వెంటబెట్టుకు రండి."

"ఆమె అసలే బెంగ పెట్టుకుని ఉందండీ. ఒక్క నెల పోనివ్వండి."

"నెల కాదు. రేపు రండి. ఇద్దరూ."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకుని చూసింది. ఏదీ నోటికి కుదురుగా రాలేదు.

'సగం సగమే కదే' అనేది అక్క, అమ్మ పోయినప్పట్నుంచీ. తల్లి జబ్బు పిల్లలందరికీ రావాలని లేదు. బొమ్మా బొరుసూ లాంటిది. ఆ మాట చెప్పుకునే ఇన్నేళ్ళూ ఇద్దరూ పరీక్షల జోలికి పోలేదు.

అక్క బస్సు డ్రైవరు. కొండదారిలో ఇరవై రెండు మలుపులు కళ్ళు మూసుకుని తిప్పగలదని డిపోలో పేరు. అలాంటి మనిషి, చెల్లెలు రక్తమిచ్చిన మర్నాడే సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది.

"నేనే పనికి పోతున్నాను, నీకెందుకక్కా సెలవు?" అంటే, "నీకు తోడుండొద్దూ? పెద్దదాన్ని, నాకు చెప్పకు," అని నోరు మూయించింది. "నీ చేతులు పనిచెయ్యకపోతే నా చేతులు లేవూ?" అని కూడా అంది.

బెల్లు కొట్టకముందే తలుపు తెరుచుకుంది.

"ఏమన్నారే?"

అక్క పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పొద్దుట్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టినట్టు లేదు. ఆ మొహం చూసేసరికి బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"ఏం లేదట."

"ఏం లేదంటే?"

"అంతా బాగానే ఉందట. విటమిన్ తక్కువైందట."

అక్క గుమ్మం పట్టుకుని అక్కడే చతికిలబడింది.

"బతికాం," అంది. "బతికామే!"

నవ్వింది, ఏడ్చింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "విటమిన్‌కా ఇంత గొడవ! నెల రోజులు నా ప్రాణం తోడేశావు కదే, పళ్ళ డాక్టరమ్మా!"

చెల్లెలు చెప్పులు విప్పుతూ తల వంచుకుంది. రేపు చెప్దాం. ఈ ఒక్కపూటా తిని పడుకోనీ.

లోపల్నుంచి అక్క గొంతు ఖంగున వినిపించింది. డిపోకి ఫోను.

"సార్, నేను రేపే ఎక్కేస్తా... ఆఁ, మా చెల్లికి బాగానే ఉందట... ఘాట్ రోడ్డా? భలేవారే, అది నా దారే కదా... స్కూలు పిల్లలా? ఎంతమంది? నలభై! వేసేయండి సార్, ఆరింటికల్లా స్టీరింగ్ ముందుంటా."

"వద్దక్కా."

అక్క ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వెనక్కి తిరిగింది. "ఏంటే?"

"వద్దు. బండెక్కకు."

"ఎందుకు? నీకేం లేదన్నారుగా?"

చెల్లెలు సంచిలోంచి రెండు కాగితాలూ తీసి ఇచ్చింది.

అక్క నిలబడే చదివింది. మొదటిది ఒకసారి. రెండోది రెండుసార్లు. ఫోనులో డిపో ఆయన 'హలో, హలో' అంటూనే ఉన్నాడు. ఆమె ఫోను కట్ చేసి బల్ల మీద పెట్టింది. రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు విడదీసి, చాలాసేపు వాటినే చూసుకుంది.

ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన ఆ కవలల్లో, అక్క నాలుగంటే నాలుగే నిమిషాలు పెద్దది.