ఆ రెండు మాటలు

"ఆదివారం ఆరాధనలో అందరి ముందూ క్షమాపణ అయినా చెప్పాలి, పేరు కింద వేసుకున్న ఆ రెండు మాటలైనా ఇకమీదట తీసేయాలి. ఏదో ఒకటి తేల్చండి పాస్టరు గారూ!" చర్చి కార్యదర్శి వారపత్రికను బల్ల మీద పడేశాడు.

ఆ రెండు మాటలు 'క్రైస్తవ రచయిత్రి'. రాసింది పరాయివాళ్లెవరో కాదు, స్వయానా ఆ కార్యదర్శి కోడలే. ఇన్నేళ్లూ కలంపేరు చాటున దాక్కున్న మనిషి, మొదటిసారి సొంతపేరు వేసుకుని, దాని కింద ఆ ముక్క చేర్చింది. పోనీ కథైనా సౌమ్యమైనదా? ఎదురైనవాళ్లందరికీ "మీ కోసం ప్రార్థన చేస్తానండీ" అని మాటిచ్చి, ఇంటికెళ్లి హాయిగా గుర్రుపెట్టే ఒక సంఘపెద్ద గురించి!

"ఎవర్ని చూసి రాశావమ్మా?" పక్కనే నిలబడ్డ ఆమెను పాస్టరు మెల్లగా అడిగాడు.

"ఎవర్నీ కాదండీ."

"కాదంటే నమ్మేదెవరు? పొద్దున పాలవాడు కూడా నన్ను చూసి ముసిముసిగా నవ్వాడు. ఆ గుర్రు అచ్చం నాదేనట!" మామగారు భగ్గుమన్నాడు.

"గుర్రు ఒక్కటే మీ దగ్గర తీసుకున్నాను మామయ్యా."

"చూశారా, చూశారా! క్రైస్తవురాలివై ఉండి మన పరువు మనమే బజారున పడేసుకుంటామా?"

"క్రైస్తవురాలిని కాబట్టే రాశాను. ఇన్నాళ్లూ చర్చిలో తెలియకుండా రచయిత్రిని, పత్రికల్లో తెలియకుండా విశ్వాసిని. ఈ దొంగచాటు బతుకు ఇక నావల్ల కాదు మామయ్యా." ఆమె పాస్టరు వైపు తిరిగింది. "సండే స్కూలు పిల్లల్ని నా దగ్గర్నుంచి తీసేస్తామన్నా సరే, ఆ రెండు మాటలు తియ్యను."

అనడమైతే అనేసింది గానీ, ఆ పిల్లలంటే ఆమెకు ప్రాణం. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పాస్టరు పత్రిక అందుకుని కథ ఉన్న పేజీ తిప్పాడు. ఒకసారి చదివాడు. మళ్లీ మొదటికొచ్చి చదివాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీశాడు. మామగారి ముఖం విప్పారింది.

"నీ పేరు కింద ఆ రెండు మాటలూ ఉండాల్సిందేనమ్మా. పిల్లలకి పాఠం కూడా నువ్వే చెప్పాలి. కథలో మాత్రం ఒకచోట తప్పు పడింది, దిద్దుతున్నాను."

ఆమె భయంభయంగా తొంగి చూసింది.

పాస్టరు 'సంఘపెద్ద' అన్న మాట కొట్టేసి, దాని పైన 'పాస్టరు' అని రాస్తున్నాడు.