పేరు పెట్టిన పిల్ల

మురళీమోహన్‌కి ఒక పట్టాన ఏ చోటూ నచ్చలేదు.

పొద్దున్నే విజయనగరంలో బైకెక్కాడు. రామతీర్థం కొండ చూశాడు. కోతులున్నాయని వద్దనుకున్నాడు. శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డు చూశాడు. ఎవరో బట్టలుతుకుతున్నారని అదీ వద్దనుకున్నాడు.

పెళ్ళి మాట ఎత్తడానికి మన పెద్దవాళ్ళకి వీధి అరుగు సరిపోయేది. ఇతనికి అందమైన చోటు కావలసి వచ్చింది.

మధ్యాహ్నం దాటాక కళింగపట్నంలో దొరికింది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, నీళ్ళ మధ్య తెల్లటి ఇసకదిబ్బ. ఒక పక్క అలలు, ఇంకో పక్క ఏరు. సాయంత్రం సూర్యుడు ఏటి మీదికే దిగుతాడు.

కుమారిని ఇక్కడే అడగాలి. జేబులో ఉంగరం తడిమి చూసుకున్నాడు.

ఇవాళే అడగాలి కూడా. కుమారి విజయనగరంలో నర్సు. ఊరు ఇదే, సెలవు మీద ఇంటికొచ్చింది. రెండేళ్ళుగా ఏమడిగినా "చూద్దాం" అనే అంటోంది.

కారణం ఒక బావ. ఉయ్యాల్లో ఉండగానే "ఇది వీడి పెళ్ళాం" అని ఆమెకి బావ పేరు పెట్టేశారు. ఆ బావ పెద్దల ముందు నిలబడి వద్దంటే తప్ప, ఆమె ఇంకొకరికి అవుననడానికి లేదు.

ఇంత అందమైన చోట అడిగితే ఏ బావా గుర్తుకు రాడని మురళీమోహన్ ఆశ.

"దిబ్బ మీదికెల్తారేటి బాబూ?"

వెనక్కి తిరిగాడు. గళ్ళ లుంగీ, ఎండకి రంగు తగ్గిన జుట్టు, చేతిలో పడవ నడిపే గెడ. ముప్పై ఉండొచ్చు, నలభై ఉండొచ్చు. పేరడగాలని మురళీమోహన్‌కి తోచలేదు.

"వెళ్ళాలి. దిబ్బ శుభ్రం కూడా చేసిపెట్టాలి."

"సేస్తాను, రండి."

దిబ్బ మీద తెగిన వలముక్కలు, ప్లాస్టిక్ సీసాలు. పడవవాడు ఒక్కొక్కటే ఏరి పడవలో వేశాడు. మురళీమోహన్ ఫొటో ఎటునుంచి బాగుంటుందో చూసుకుంటూ కూర్చున్నాడు.

"పూలేమైనా దొరుకుతాయా ఇక్కడ?"

"మొగలి ఉన్నాది బాబూ. ముళ్ళు."

"పట్రా."

వెళ్ళి తెచ్చాడు. చేతులు మోచేతుల దాకా గీరుకుపోయి ఉన్నాయి. వాసన మాత్రం దిబ్బంతా కమ్మేసింది.

"ఎవులి కోసం బాబూ ఇదంతా?"

"ఒక నర్సమ్మాయి కోసం. పెళ్ళి చేసుకుంటావా అని అడగబోతున్నాను."

"ఒప్పుకుంతాదా?"

"ఆమెకి ఇష్టమే. ఓ బావ ఉన్నాడు. వాడే నా పాలిట శని."

పడవవాడు వంగి ఇసక చదును చేస్తున్నాడు. తలెత్తలేదు.

"సెడ్డోడేటి?"

"నేను చూళ్ళేదు. చూడక్కర్లేదు కూడా. వల లాగేవాడికి నర్సు పెళ్ళాం కావాలట! చదువుకున్న పిల్ల నెత్తిన చేపల బుట్ట పెడతాడు. తాను తినడు, ఒకరిని తిననివ్వడు. అదో జాతి."

"అలాగని ఆ పిల్ల సెప్పిందా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకోయ్?"

పడవవాడు చదును చేసిన చోటే మళ్ళీ చదును చేశాడు. ఆగలేక మళ్ళీ అడిగాడు.

"పెళ్ళయ్యాక డూటీ మానిపించరు కదా బాబూ? ఇష్టపడి సదూకునుంతాది."

"నేనెందుకు మానిపిస్తాను? అది ఆమె ఇష్టం."

"అయితే సాలు."

ఈ మనిషికి మాటలెక్కువ అనుకున్నాడు మురళీమోహన్.

"చూడు, ఫోన్ చేశాను, ఆమె ఒడ్డుకి వస్తుంది. తీసుకురా. నువ్వు మాత్రం దిబ్బ ఎక్కొద్దు. నీ అడుగులు పడితే ఫొటో పాడైపోతుంది. పైగా నీ దగ్గర చేపల కంపు. దింపేసి నీళ్ళలోంచే వెళ్ళిపో."

"అలాగే బాబూ."

పొద్దు వాలే వేళకి పడవ వచ్చింది. పడవవాడు నడుం లోతు నీళ్ళలో నిలబడి, పడవ ఊగకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. కుమారి దిగింది. చదును చేసిన ఇసక మీద ఆమె అడుగులే పడ్డాయి. ఆమె వెనక్కి తిరిగేసరికి పడవ దూరంగా వెళ్ళిపోతోంది.

మురళీమోహన్ మోకాలి మీద కూర్చున్నాడు. బట్టీ పట్టుకొచ్చిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. ఉంగరం పైకెత్తాడు.

అడక్కుండానే కుమారి చెయ్యి చాపింది. కళ్ళనిండా నీళ్ళు.

"మరి మీ బావ?" అన్నాడు నమ్మలేక.

"పొద్దున్న పెద్దల ముందు నిలబడి 'ఈ పిల్ల నాకొద్దు' అనీసినాడు. తప్పంతా తన మీదేసుకున్నాడు. పేరు పెట్టిన పిల్లని కాదన్నోడికి మావోళ్ళల్లో ఇంకెవరూ పిల్లనివ్వరు మురళీ. తెలిసే అన్నాడు."

మురళీమోహన్‌కి గుండె మీద కుంపటి దిగినట్టయింది. ఇందాకటిదాకా 'వాడు' అన్న నోటికి ఇప్పుడు 'ఆయన' వచ్చేసింది.

"అంత మంచివాడా! ఆయన కాళ్ళకి దండం పెట్టాలి కుమారీ. ఎప్పుడు చూపిస్తావు?"

కుమారి కళ్ళు తుడుచుకుంటూ అతన్ని వింతగా చూసింది.

"ఇంకా సూపించేదేటి? నా ఫోన్లో నీ ఫొటో సూసున్నాడు కదా, నువ్వెలాంటోడివో సూడాలనే బావ నిన్ను పడవెక్కించుకున్నాడు. 'ఆ బాబు మంచోడే, సేసుకో' అని ఇప్పుడే దార్లో నాతో సెప్పినాడు."