నిప్పంటని ఇల్లు

ఆ ఇల్లు ఎవరి కోసమో తెలిసిన రోజున నాగేశ్వరి డ్రాయింగ్ కాగితాన్ని నిలువునా చింపేసింది.

"వాడికా? మా అమ్మను పొట్టన పెట్టుకున్నవాడికా మీరు ఇల్లు గీస్తున్నది?"

భర్త సూర్యారావు ముక్కలు ఏరి పక్కన పెట్టి, కొత్త కాగితం పరిచాడు. పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్ అతను. కాపురం పటేల్‌గూడలో.

తొమ్మిదేళ్ల కిందట వేసవి సెలవులకని భార్యాభర్తలిద్దరూ కాకినాడ అవతల నాగేశ్వరి పుట్టింటికి వెళ్లారు. సముద్రం ఒడ్డున తాటాకు ఇల్లు. నాలుగో రోజు మధ్యాహ్నం పెరట్లో అంటుకున్న నిప్పు గాలికి క్షణాల్లో కప్పెక్కింది. లోపల నిద్రపోతున్న తల్లి బయటికి రాలేకపోయింది. ఆరని సిగరెట్ గడ్డివాములో పడేసింది తనేనని తమ్ముడు నరసరాజు ఊరందరి ముందూ ఒప్పుకున్నాడు.

పెద్దకర్మ దాకా సూర్యారావు సరిగ్గా అన్నం ముట్టలేదు. అత్తగారంటే అంత ప్రాణమా అని చుట్టాలు ఆశ్చర్యపోయారు.

నాగేశ్వరి మళ్లీ తమ్ముడి మొహం చూడలేదు. తను చంకనేసుకుని పెంచిన పిల్లాడు. వాడి ఉత్తరాలు విప్పకుండానే పొయ్యిలో పెట్టేది. వాడు అదే స్థలంలో మళ్లీ పాక వేసుకుని, భార్యతో, ఇద్దరు ఆడపిల్లలతో ఉంటున్నాడని ఎవరో చెబితే విన్నది, అంతే.

ఏడాదిపాటు ప్రతి ఆదివారం సూర్యారావు ఆ ఇల్లే గీశాడు. ఫౌండ్రీలో కొలిమి ఇటుకలు పేర్చే పెద్దరాములును బొంతపల్లి నుంచి పిలిపించుకునేవాడు.

"సముద్రం దిక్కు పెద్ద కిటికి వద్దు సారు. పక్క గుడిసెలు అంటుకుంటే రవ్వలు గాలితోటి సక్కగ లోపలికే ఉరికొస్తయి."

"చిన్నది పెట్టి ఇనుప రెక్కలు వేస్తే?"

"ఉప్పుగాలికి ఇనుము ఎన్నొద్దులుంటది? సిమెంటు జాలీ పెట్టి, ఎనక ఇత్తడి జల్లెడ కొట్టుండ్రి."

కప్పు స్లాబు. కర్ర అన్నది ఎక్కడా లేదు. వంటిల్లు గాలికి ఎదురు పడకుండా వెనక్కి జరిపాడు. ప్రతి గదికీ నేరుగా బయటికి ఒక తలుపు పెట్టాడు.

టీ ఇచ్చి వెళ్లబోతూ నాగేశ్వరి ఒకరోజు ఆగింది.

"ఈ మూల గది ఎవరికి?"

"పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే. మంచం దిగి రెండడుగులేస్తే బయటపడతారు."

ఆమె వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత ఆయన దాచుకున్నదంతా ఆ ఇంటికి పంపేస్తున్నా అడ్డు చెప్పలేదు.

గృహప్రవేశానికి పిలవడానికి నరసరాజు పటేల్‌గూడ వచ్చాడు. సూర్యారావు డ్యూటీలో ఉన్నాడు. ముప్పై రెండేళ్లకే తమ్ముడి జుట్టు నెరిసిపోయింది. గుమ్మం బయటే నిలబడి శుభలేఖ చాచాడు.

నాగేశ్వరి చెయ్యి చాపలేదు.

"నమ్మినదాన్ని నిలువునా ముంచావు కదరా! అమ్మను లేకుండా చేశావు. పుట్టిల్లన్న మాట లేకుండా చేశావు. మీ బావ దేవుడు కాబట్టి నీలాంటివాడికి కూడా ఇల్లు కట్టించాడు."

నరసరాజు శుభలేఖ గడప మీద పెట్టాడు. వెళ్లడానికి మెట్టు దిగి, వెనక్కి తిరిగాడు.

"ఆ సిగరెట్ తనదని నీకు చెప్పొద్దని ఆ రోజు నా కాళ్లు పట్టుకున్న మనిషి, ఇల్లు కట్టించక ఇంకేం చేస్తాడక్కా?"