ఎసట్లో ఇంకో గుప్పెడు

“ఆపరా బాబూ! మా అమ్మ నీకు అన్నం పెట్టిందా? ఎప్పుడు?” అంటూ వడ్రంగి చిత్రిక పక్కన పడేశాడు.

రచయితకు చిర్రెత్తుకొచ్చింది. అరవై ఏళ్ల కిందటి తమ స్నేహం మీద రాసిన పిల్లల నవల అది. రేపే అచ్చుకు పోవాలి. ముందు వీడికి చదివి వినిపిద్దామని వస్తే, పొద్దుట్నుంచీ పేజీకో అడ్డుపుల్ల.

“పిల్లల పుస్తకంరా! మీవాళ్ల పిల్లాడూ మావాళ్ల పిల్లాడూ మీ ఇంట్లో ఒకే కంచంలో తిన్నారని రాస్తే నీకేం పోయింది?”

“నువ్వు మా ఇంట్లోకి వస్తేగా! వీధి మొదట్లో నిలబడి ఈల వేసేవాడివి. నేనే పరిగెత్తుకొచ్చేవాణ్ణి.”

“లోపలికొస్తే మా నాన్న తోలు తీసేవాడని నీకు తెలీదూ?”

“నాకు తెలుసు. మా అమ్మకు తెలీదు. ఈల వినబడితే చాలు, ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోసేది. ‘ఇవాళైనా వస్తాడేమోరా’ అనేది.”

రచయిత చేతిలో కాగితాలు కిందికి దిగాయి. “ఏనాడూ చెప్పి చావలేదేంరా?”

“చెబితే సిగ్గుపడి ఆ ఈల కూడా మానేస్తావని భయం.”

రచయిత ఆ పేజీని అడ్డంగా కొట్టేశాడు.

“మరి ఆ అన్నం ఏమయ్యేది?”

“ఏమవుద్ది? నీ వాటా కూడా నాకే పెట్టేది. వద్దే అని నేను మొత్తుకున్నా, నువ్వు తిన్నంత సంబరంగా చూస్తూ కూచునేది.”